గ్లాసు వేరు పెట్టిన రోజులు

ప్రతి ఏడాదీ ఈ పుస్తకంలో మన లెక్కలు రాసుకుంటాం. ఎన్ని సంఘాలు, ఎంత పొదుపు, బ్యాంకు లింకేజీ ఎంత, బకాయి ఎంత, ఎవరు సకాలంలో కట్టారు అన్నీ చెప్పుకుంటాం. ఈ ఏడు వాటి పక్కన ఒక పాత లెక్క కూడా రాయాలని సర్వసభ్య సమావేశంలో అనుకున్నాం. అది డబ్బు లెక్క కాదు. మనం ఒక మనిషికి పడ్డ బాకీ.

మన సమాఖ్యలోని ఒక సంఘం తీర్మానాల పుస్తకంలో, 2003 ఆగస్టు పేజీలో, ఇలా రాసి ఉంది: "సభ్యురాలు తన ఇష్టప్రకారం సంఘం నుండి తప్పుకున్నందున ఆమె పొదుపు సొమ్ము తిరిగి చెల్లించడమైనది." కింద అందరి సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయి. ఆమె సంతకం కూడా ఉంది. రోజుకో రూపాయి చొప్పున 31 నెలల పొదుపు 930 రూపాయలు, వడ్డీ వాటాతో కలిపి పైసా తేడా లేకుండా ఇచ్చేశాం. లెక్క సరిగ్గా ఉంది. వాక్యమే అబద్ధం.

ఆమె తన ఇష్టప్రకారం తప్పుకోలేదు. ఆమె భర్త లారీ మీద పోయేవాడు. ఆ ఎండాకాలంలో చనిపోయాడు. ఆసుపత్రిలో ఆయన కాగితాల మీద ఏం రాశారో దినాలు కాకముందే ఊరంతా తెలిసింది. ఆ తర్వాత ఆమెకు చేసిన రక్తపరీక్ష సంగతి ఆమె కంటే ముందు మాకే తెలిసింది. మీటింగులో ఆమె చాప మీద కూచుంటే అటూ ఇటూ జాగా ఖాళీ అయ్యేది. టీ పోసేటప్పుడు మాకు స్టీలు గ్లాసులు, ఆమెకు పారేసే ప్లాస్టిక్ గ్లాసు. తర్వాతి నెల ఆమె అప్పు అడిగితే, "ఎన్నాళ్లుంటుందో ఏమో, రేపు ఎవరు కడతారు?" అని ఒకరన్నారు. కాదని ఎవరమూ అనలేదు. ఆ పై నెల ఆమె రాలేదు. పుస్తకం ఇంటికి పంపి సంతకం పెట్టించుకున్నాం.

హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి ఎంత అవమానమో మనలో చాలామందికి సొంత అనుభవం మీద తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన కథ మన శిక్షణల్లో ఎన్నిసార్లు చెప్పుకున్నామో లెక్కలేదు. అలాంటి వాళ్లమే ఇంకో రెండో గ్లాసు పెట్టాం. ఎందుకు పెట్టాం? మేం చెడ్డవాళ్లమనా? ఆ భయం మా ఊళ్లో పుట్టింది కాదు. అంతకు పదిహేడేళ్ల ముందు మొదలై మా దాకా వచ్చింది. అది ఎలా వచ్చిందో తెలిస్తేనే ఎలా పోగొట్టాలో తెలుస్తుంది. అందుకే ఈ చరిత్ర.

మద్రాసులో మొదలు

మన దేశంలో హెచ్ఐవీ ఉందని మొదట తెలిసింది 1986లో, అప్పటి మద్రాసులో. మద్రాసు మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్ సునీతి సాల్మన్ దగ్గర చదువుకుంటున్న సెల్లప్పన్ నిర్మల అనే విద్యార్థిని ఆ పరీక్షలు చేసింది. అప్పట్లో ఎయిడ్స్ అంటే అమెరికా రోగం, మన దేశానికి రాదు అని పెద్ద పెద్దవాళ్లే అనేవారు. నిర్మల సెక్స్ వర్క్‌లో ఉన్న స్త్రీల రక్త నమూనాలు సేకరించింది. భర్త ఆమెను స్కూటర్ మీద ఎక్కించుకుని తిప్పాడు. నమూనాలను వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పరీక్షిస్తే ఆరింటిలో వైరస్ జాడ కనబడింది.

ఇద్దరు ఆడవాళ్లు ఓపికగా చేసిన గొప్ప పని అది. వాళ్ల వల్లే దేశం ముందుగా మేలుకుంది. కానీ బయటికి వెళ్లిన మాట వేరు. "ఇది అలాంటి ఆడవాళ్ల రోగం" అన్న మాట మొదటి రోజునుంచే అంటుకుంది. ఆ స్త్రీలకు అది ఎవరినుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు. ముందు పరీక్ష చేసింది వాళ్లకు కాబట్టి ముందు దొరికింది వాళ్లే. ముందు దొరికినవాళ్ల మీదే నింద పడింది. హెచ్ఐవీ ఉందని తేలిన కొందరు స్త్రీలను శిక్షాకాలం అయిపోయినా వదలకుండా ప్రభుత్వ హోములోనే ఉంచేశారు. వాళ్ల తరఫున శ్యామలా నటరాజ్ అనే జర్నలిస్టు మద్రాసు హైకోర్టుకు వెళ్లి పోరాడాక గాని వాళ్లకు విడుదల దొరకలేదు.

గోవాలో ఒక తల్లి

1989లో గోవాలో ఇంకో సంగతి జరిగింది. డొమినిక్ డిసౌజా అనే యువకుడు నలుగురికీ పనికొస్తుందని తరచుగా రక్తదానం చేసేవాడు. ఆ రక్తంలో హెచ్ఐవీ ఉందని తేలింది. అతనికి సరిగ్గా చెప్పను కూడా చెప్పలేదు. పోలీసులు పట్టుకెళ్లి, పాడుబడిన ఒక క్షయ ఆసుపత్రి భవనంలో ఒంటరిగా 64 రోజులు నిర్బంధించారు. హెచ్ఐవీ ఉన్నవారిని అలా వేరుగా బంధించవచ్చని అప్పుడు గోవాలో చట్టమే ఉండేది.

అతని తల్లి లూసీ డిసౌజా కోర్టుకు వెళ్లింది. కొడుకు బయటికి వచ్చాడు, చట్టం కొంత మెత్తబడింది. కానీ కోర్టు ఆ చట్టాన్ని పూర్తిగా కొట్టెయ్యలేదు. డొమినిక్ ఊరుకోలేదు. తన పేరుతో, తన ముఖంతో జనం ముందు నిలబడి మాట్లాడిన తొలి భారతీయుల్లో ఒకడయ్యాడు. తనలాంటివాళ్ల కోసం ఒక సంస్థ పెట్టి, 1992లో కన్నుమూశాడు.

ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూడండి. రోగం గురించి నలుగురికీ పూర్తిగా తెలియకముందే గది సిద్ధమైంది, తాళం సిద్ధమైంది. మా సంఘంలో ప్లాస్టిక్ గ్లాసు వచ్చింది ఆ తాళం వెనకే.

మన దాకా ఎలా వచ్చింది

1990ల్లో వైరస్ రోడ్ల వెంబడి, పనుల వెంబడి పల్లెలకు చేరింది. లారీల మీద పోయేవాళ్లు, వలస పోయేవాళ్లు, నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండేవాళ్లు తెలియకుండానే ఇంటికి తెచ్చారు. మన ఉమ్మడి రాష్ట్రం దేశంలో హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటైంది.

వైరస్ కంటే ముందు గోడల మీద బొమ్మలు వచ్చాయి. పుర్రె బొమ్మలు, ఎముకల గూడులా ఉన్న మనుషులు, "మందు లేదు, మరణమే" అన్న రాతలు. జాగ్రత్తపడాలనే ఉద్దేశంతోనే రాశారు. కానీ అవి చూసినవాళ్లకు జాగ్రత్త కంటే జంకు ఎక్కువ వచ్చింది. తర్వాత "పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?" అనే పెద్ద పెద్ద హోర్డింగులు వెలిశాయి. ఆ మాట తెలియని మనిషి లేడు. నోరు విప్పి మాట్లాడని విషయాన్ని ఇంటింటా మాట్లాడించిందది. అయితే మా ఊళ్లో కుర్రాళ్లు సన్నబడిన మనిషి కనిపిస్తే చాలు, ఆ పేరుతోనే వెక్కిరించడం కూడా మేం విన్నాం.

ఇళ్లలో నింద ఎటు తిరిగిందో మనకు తెలిసిందే. కడుపుతో ఉన్న ఆడవాళ్లకు ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తారు. అందుకని చాలా ఇళ్లలో ముందు బయటపడింది కోడలి సంగతి. భర్తకు పరీక్ష తర్వాతెప్పుడో, అదీ చేయించుకుంటే. "నువ్వే తెచ్చావు" అన్న మాట కోడలికే. భర్త పోయాక వాటా లేదు, ఇల్లు లేదు, పుట్టింటికి పో. మద్రాసులో ముందు దొరికినవాళ్ల మీద నింద పడినట్టే, మన ఇళ్లలో కూడా ముందు పరీక్షకు వెళ్లినవాళ్ల మీదే పడింది.

పక్కన కూచున్న ఆడవాళ్లు

దీన్ని తిప్పికొట్టింది కూడా అలాంటి ఆడవాళ్లే. తమిళనాడుకు చెందిన పి. కౌసల్య అనే అమ్మాయికి 1995లో పెళ్లయింది. భర్త లారీ డ్రైవరు. కొన్నాళ్లకే అతనినుంచి తనకు హెచ్ఐవీ వచ్చిందని తెలిసింది. ఆమె దాక్కోలేదు. నా పేరు ఇది, నాకు హెచ్ఐవీ ఉంది అని బాహాటంగా చెప్పింది. 1998లో తనలాంటి కొందరు స్త్రీలతో కలిసి పాజిటివ్ విమెన్ నెట్‌వర్క్ అనే సంఘం మొదలుపెట్టింది. మందుల కోసం, అత్తింట్లో వాటా కోసం, పిల్లల చదువు కోసం అడగడం నేర్చుకున్నారు. మన తెలుగునాట కూడా హెచ్ఐవీతో జీవిస్తున్నవారి సంఘాలు జిల్లాల్లో ఏర్పడ్డాయి.

ఆ సంఘాలు మొదలైన రోజుల్లోనే మన పొదుపు సంఘాలూ ఊరూరా పెరిగాయి. వాళ్లూ చాప మీద గుండ్రంగా కూచునేవాళ్లు, మనమూ అలాగే కూచునేవాళ్లం. కానీ మన చాప మీద వాళ్లకు చోటు లేదు గనకే వాళ్లు వేరే చాప పరుచుకోవాల్సి వచ్చింది. ఈ మాట రాయడానికి మాకు కష్టంగానే ఉంది.

మందు వచ్చింది

1996 నాటికి మూడు మందులు కలిపి వాడితే వైరస్ అణిగి ఉంటుందని తేలింది. కానీ ధర ఏడాదికి మనిషికి పది వేల డాలర్ల పైమాటే. అంత డబ్బు ఎవరి దగ్గరుంది? 2001లో మన దేశపు సిప్లా కంపెనీ అదే మందును స్వచ్ఛంద వైద్య సంస్థకు ఏడాదికి 350 డాలర్లకే, అంటే రోజుకు ఒక డాలరు కంటే తక్కువకే ఇస్తామంది. ప్రపంచమంతా ధరలు దిగడం మొదలైంది. మన హైదరాబాద్‌లోని మందుల కంపెనీలు తయారుచేసిన ఈ మాత్రలు ఆఫ్రికా దేశాలకూ వెళ్లాయి.

2004 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట తీసుకున్న ఆరు రాష్ట్రాల్లో మనదీ ఒకటి. 2017 నుంచి పరీక్షలో హెచ్ఐవీ తేలిన ప్రతి ఒక్కరికీ, ఎప్పుడో జబ్బు ముదిరేదాకా ఆగకుండా, వెంటనే మందు మొదలుపెట్టాలనే విధానం వచ్చింది.

మందు వల్ల ఏమవుతుందో మనం స్పష్టంగా తెలుసుకోవాలి. రోజూ తప్పకుండా వేసుకునేవారు అందరిలాగే పనిచేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ ఎన్నో ఏళ్లు బతుకుతారు. రక్తంలో వైరస్ పరీక్షకు కూడా దొరకనంతగా తగ్గి, అలాగే ఉంటే లైంగిక సంబంధం ద్వారా ఇంకొకరికి అంటదు. మందు లేకపోతే తల్లినుంచి బిడ్డకు వంద మందిలో 15 నుంచి 45 మందికి వచ్చే ప్రమాదం ఉంది. తల్లి సరిగ్గా మందు వాడితే అది 5 కంటే తక్కువకు దిగుతుంది. ఇక కంచం, గ్లాసు, మంచం, మరుగుదొడ్డి, దోమకాటు, కౌగిలింత, ఒకే చాప మీద కూచోవడం, వీటి వల్ల ఎప్పుడూ రాలేదు, రాదు. 2003లో కూడా ఇది డాక్టర్లకు తెలుసు. మేమే ఎవరినీ అడగలేదు.

మందు వచ్చాక భయం పోవాలి కదా? పూర్తిగా పోలేదు. దగ్గర ఊళ్లో మందు ఇచ్చే కేంద్రం ఉన్నా, తెలిసినవాళ్లు చూస్తారని రెండు బస్సులు మారి పక్క జిల్లాకు పోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. డబ్బా మీద కాగితం పీకేసి, మాత్రలు పసుపు డబ్బాలో దాచుకునేవాళ్లున్నారు. ఇంటికి చుట్టాలొస్తే ఆ పూట మందు మానేసేవాళ్లున్నారు. ఆ పూట మందు మాన్పించింది వైరస్ కాదు, మన చూపు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక ప్రశ్న అడుగుతారు: కూరగాయలు అమ్మే మనిషికి హెచ్ఐవీ ఉందని తెలిస్తే మీరు అక్కడ కూరలు కొంటారా? మన సంఘాల్లో కూడా ఈ ప్రశ్న అడుగుదాం. జవాబు నోటితో కాకుండా సంచీతో చెప్పాలి.

చట్టం వచ్చింది, మనకూ వర్తిస్తుంది

హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో పార్లమెంటులో పాసై, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లోకి వచ్చింది. బంధించవచ్చని ఒకప్పుడు రాసిన దేశమే, వివక్ష చూపరాదని రాసుకోవడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. ఆ చట్టంలో మనం గుర్తుపెట్టుకోవాల్సినవి ఇవి:

హెచ్ఐవీ ఉందని ఉద్యోగం, చదువు, వైద్యం, అద్దె ఇల్లు నిరాకరించకూడదు. మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు. ఒకరికి హెచ్ఐవీ ఉందన్న సంగతి, చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప, వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. ఉమ్మడిగా ఉంటున్న ఇంట్లోంచి వెళ్లగొట్టకూడదు, అక్కడ ఉండే హక్కు వాళ్లకుంది. హెచ్ఐవీ ఉన్నవారితో కలిసి ఒకే ఇంట్లో ఉండేవారికి కూడా, అంటే పిల్లలకు, తల్లిదండ్రులకు కూడా, ఈ రక్షణ ఉంది. వాళ్ల మీద ద్వేషం రేపేలా రాసినా, ప్రచారం చేసినా శిక్ష పడుతుంది. వివక్ష, వైద్యం విషయాల్లో ఫిర్యాదులు వినడానికి రాష్ట్రంలో అంబుడ్స్‌మన్ అనే అధికారి ఉండాలి. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో ఆదేశం ఇవ్వాలి. ప్రాణాపాయ వైద్యమైతే 24 గంటల్లోనే.

ఇంకో మాట మన మండల సమాఖ్యలు బాగా వినాలి. ఈ చట్టం ఆసుపత్రులకూ కంపెనీలకే కాదు. సహకార సంఘాలనూ, కొందరు కలిసి క్రమంగా పని నడిపే సంస్థలనూ కూడా ఇందులో చేర్చారు. మన సమాఖ్య పరస్పర సహాయ సహకార సంఘంగా రిజిస్టరైందే. కాబట్టి హెచ్ఐవీ ఉందని సభ్యురాలికి అప్పు ఆపడం ఇప్పుడు ఊరి అలవాటు కాదు, చట్టం ఒప్పుకోని పని.

2021 అంచనాల ప్రకారం దేశంలో సుమారు 24 లక్షల మంది హెచ్ఐవీతో జీవిస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3 లక్షల 20 వేల మంది. మహారాష్ట్ర తర్వాత ఎక్కువ ఇక్కడే. అంటే మన సంఘాల్లో, మన వీధుల్లో ఉన్నారు. వాళ్లెవరో మనకు తెలియాల్సిన అవసరం లేదు. ఎవరైనా కావచ్చు అనుకుని అందరితో మర్యాదగా ఉంటే చాలు.

మళ్లీ ఆ పేజీ దగ్గరికి

ఆమె బతికే ఉంది. పుట్టింటి దగ్గర ఉండి, తల్లి తోడుతో మందు మొదలుపెట్టి, ఒక్క పూట కూడా మానకుండా వేసుకుంది. గేదెల మీద బతికింది. మనం ఇవ్వని అప్పు వడ్డీ వ్యాపారి దగ్గర నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చుకుని తీర్చింది. "ఎవరు కడతారు?" అని మేం అడిగిన ప్రశ్నకు అదే జవాబు. కూతుర్ని చదివించి పెళ్లి చేసింది.

ఈ ఏడాది పింఛను కాగితాల పని మీద సమాఖ్య ఆఫీసుకు వచ్చినప్పుడు, అప్పటి సంఘంలో ఉండి ఇప్పుడు కమిటీలో ఉన్న ఇద్దరం ఆమెను గుర్తుపట్టాం. ఏం మాట్లాడాలో తెలియలేదు. టీ తెప్పించాం. ఆమె గ్లాసు వంక చూసి, మా వంక చూసి, "స్టీలుదే ఇచ్చారే" అని నవ్వింది. మేం నవ్వలేకపోయాం. తప్పు చేశామక్కా అన్నాం. ఆమె వెంటనే ఏమీ అనలేదు. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, "ఆరోజు నాకు డబ్బు కంటే ఆ సంతకమే బాధేసింది. నా చేత్తో నేనే అబద్ధం రాసుకున్నట్టయింది" అంది. మళ్లీ సంఘంలో చేరమని అడిగాం. "ఇప్పుడెందుకులే" అంది. బలవంతం చేయలేదు. చేసే హక్కు మాకు లేదు.

ఈ సంగతి రాయడానికి ఆమె ఒప్పుకుంది. పేరు, ఊరు రాయొద్దంది, రాయలేదు. ఆ సంఘం మాత్రం మొన్నటి సమావేశంలో పాత పుస్తకం తెరిచి, ఆ వాక్యం కింద ఇలా రాసింది: "పై తీర్మానం నిజం కాదు. సభ్యురాలిని మేమే దూరం చేశాం." అప్పటివాళ్లలో ఇప్పుడు ఉన్న ఏడుగురం సంతకాలు పెట్టాం.

సమాఖ్య ఈ ఏడాది మూడు తీర్మానాలు చేసింది. ఏ సభ్యురాలి ఆరోగ్య సంగతీ అప్పు తీర్మానంలో రాయకూడదు, చర్చించకూడదు. పరీక్షకు గాని, మందులకు గాని వెళ్లే సభ్యురాలు తోడు అడిగితే ఆరోగ్య ఉపసంఘంనుంచి ఒకరు వెళ్లాలి, ఆ సంగతి ఇంకొకరికి చెప్పకూడదు. ప్రతి గ్రామ సంఘంలో ఏడాదికి ఒకసారి ఈ చట్టం చదివి వినిపించాలి.

చివరిగా ఒక్క పని అడుగుతున్నాం. మీ సంఘం పాత తీర్మానాల పుస్తకాలు బీరువాలోంచి తీసి చూడండి. "తన ఇష్టప్రకారం తప్పుకున్నారు" అన్న మాట ఎక్కడైనా ఉంటే, అది నిజంగా ఎవరి ఇష్టమో గుర్తుచేసుకోండి. ఆ మనిషి ఇంకా ఉంటే ఒకసారి వెళ్లి కలవండి. అయితే నలుగురూ కలిసి కాగితాలు పట్టుకుని పోవద్దు. ఒక్కరే వెళ్లండి. వాళ్లింట్లో మంచినీళ్లు అడిగి తాగండి.